ఆయ్ అన్నందుకు

దొరగారు వచ్చేలోపు పాటిదిబ్బ రేవులో కావలసిన పనులు ఇవి:

తంతి ఆఫీసు గోడలకు సున్నం వేయించాలి.

కప్పు మీద పాత తాటాకు తీసి కొత్తది వేయించాలి.

రేవు నుంచి ఆఫీసు దాకా దారికి రెండు వైపులా ఇటుక ముక్కలు పాతించి వాటికీ సున్నం కొట్టించాలి.

ఒడ్డున ఆరబెట్టిన చేపలు, వలలు దొరగారి పడవలోకి కనబడకుండా తీయించాలి.

సత్తియ్యకు చొక్కా కుట్టించాలి.

ఏటిగట్టు మీది ఇనుపపెట్టెకు ఆకుపచ్చ రంగు వేయించాలి.

పెట్టె లోపలి ఇత్తడి సామాను తళతళలాడేలా తోమించాలి.

మా హెడ్డు చంద్రరావు గారు పడక్కుర్చీలో వాలి, ఒక్కొక్క పనికీ ఒక్కొక్క వేలు మడుస్తూ చెప్పారు. నేను ఎదురుగా నిలబడి విన్నాను.

"ఇంకేమైనా మరిచిపోయానా, బీయే?" అన్నారు.

"పెట్టె బాగుచేయించడం మరిచిపోయారండి."

"అదేగా చెప్పాను. రంగు వేయించమని."

అప్పటికి నేను ఆ ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. మా నాన్న రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో గుడి అర్చకులు. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం నేర్చిన మొదటివాణ్ణి నేను. రాజమండ్రిలో వారాలు చేసుకుంటూ బీయే చదివి, విద్యుత్తు మీద ఉన్న ఇష్టం కొద్దీ తంతి ఉద్యోగంలో చేరాను. సూర్యప్రకాశం అన్న పేరు నాకుందన్న సంగతి చంద్రరావు గారికి గుర్తున్నట్టు లేదు. 'బీయే' అని పిలిచేవారు. ఆ పిలుపులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకు తెలుసు. పెద్దవాళ్ళకు ఎదురుచెప్పవద్దని మా నాన్న పంపేటప్పుడు చెప్పారు కనుక ఊరుకునేవాణ్ణి.

కాని ఆ పెట్టె విషయంలో ఊరుకోలేకపోయాను. ఎందుకో తెలియాలంటే పెట్టె సంగతి చెప్పాలి.

పాటిదిబ్బ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. తంతి తీగ అవతలి ఒడ్డు దాకా స్తంభాల మీద వస్తుంది. అక్కడ ఏటిలోకి దిగి, నీళ్ళ అడుగున నల్లటి తొడుగు వేసుకుని నడిచి, మా ఒడ్డున పైకి తేలుతుంది. తేలినచోట మనిషి ఛాతీ ఎత్తున ఒక దుంగకు బిగించిన ఇనుపపెట్టె ఉంది. ఏటి తీగ, ఆఫీసుకు వెళ్ళే తీగ ఆ పెట్టెలోనే కలుస్తాయి. అందులో రెండు ఇత్తడి పలకలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానికి తంతి తీగ తగిలించి ఉంటుంది, రెండోదానికి భూమిలోకి దిగే తీగ. రెంటి మధ్య వెంట్రుక పట్టేంత సందు. పిడుగు పడితే ఆ సందు దూకి భూమిలోకి పోతుంది, ఆఫీసులో మనుషులూ యంత్రమూ బతికిపోతారు. మామూలు కబురు మోసే విద్యుత్తుకు దూకే శక్తి లేదు, కాబట్టి అది తిన్నగా ఆఫీసుకు వస్తుంది. ఆ సందు ఖాళీగా ఉన్నంతకాలమే తంతి బతికి ఉన్నట్టు.

ఉప్పుగాలికి పెట్టె ఇనుము తుప్పు పట్టి అడుగున రేకులు రేకులుగా రాలిపోతోంది. మూత సరిగా పడదు. లోపల ఇత్తడి మీద పచ్చగా చిలుము ఎక్కింది. మరలు తిరగవు.

ఇదంతా ఒక ఆఫీసు గొడవే అయితే నేను ఇంత ఇదిగా రాయను. కాకినాడ నుంచి తుపాను కబురు వస్తే మా ఆఫీసు ముందున్న కొయ్యకు నల్లబుట్ట ఎక్కించాలి. వెదురుబుట్టకు గుడ్డ చుట్టి తారు పూసింది అది. మొగ దాటి సముద్రంలో ఉన్న పడవలవాళ్ళు దాన్ని చూసి వెనక్కి తిరుగుతారు. పెట్టె చెడితే తంతి రాదు. తంతి రాకపోతే బుట్ట ఎక్కదు. బుట్ట ఎక్కకపోతే సముద్రం మీద ఉన్నవాడికి చెప్పే దిక్కు లేదు.

ఆ బుట్ట ఎక్కించే మనిషి సత్తియ్య. తీగ కాపలా అతనిదే. పాటిదిబ్బ పల్లెవాడు, చేపలవేట ఇంటివాడు. మా కొయ్య పాతకముందు ఒక గాలివానలో అతని అన్న పడవతో సహా పోయాడు. "ఆ బుట్టుండుంటే మా అన్నొచ్చేవోడండి" అని, వేట మానేసి ఈ కొలువులో చేరాడట. ఇప్పుడు అతని కొడుకు రాముడు అదే సముద్రం మీదికి వెళుతున్నాడు. పొద్దున్నే కొయ్య తాడు లాగి చూసుకోనిదే సత్తియ్య చద్దన్నం తినేవాడు కాదు.

"దాన్ని తోమకూడదండి" అన్నాను చంద్రరావు గారితో. "విప్పి, పొడిగా గీకి, మరలు మార్చి, మైనం పట్టించాలి. కొత్త పెట్టె కావాలని రాద్దామండి."

"దొర వచ్చేముందు పెట్టె చెడిందని రాస్తే, ఇన్నాళ్ళూ నువ్వేం చేస్తున్నావయ్యా అని అడగడూ?"

"అడిగితే చెప్పవచ్చు కదండీ."

"నువ్వు చెబుతావు. నీకేం, నిన్నగాక మొన్న వచ్చావు." అని సత్తియ్యను కేకేశారు. "ఒరే, మీ అమ్మవారి జాతరకి గరగలు తోమేది నువ్వేగా?"

"ఆయ్."

"ఎలా తోముతావురా?"

సత్తియ్య మొహం విప్పారింది. జాతరలో నెత్తిన పెట్టుకుని ఆడే ఆ ఇత్తడి కలశాలకు మెరుగు పెట్టడంలో ఆ చుట్టుపక్కల అతనికి పేరు. "సింతపండు, ఉప్పు, కాత్త బూడిదండి. రాత్రి నానబెట్టి పొద్దున్నే రుద్దుతానండి. మొగం సూసుకోవచ్చండి."

"ఆ పెట్టెలో ఇత్తడి అలాగే తోమాలి. దొర తన మీసం అందులో చూసుకోవాలి. తెలిసిందా?"

"ఆయ్, అలాగేనండి."

బయటికి వచ్చాక నేను సత్తియ్యను ఆపాను. "వద్దు సత్తియ్యా. పులుపూ ఉప్పూ తగిలితే లోపల ఇంకా తినేస్తుంది. గరగ అయితే ఏడాదికొకసారి తోమి బీరువాలో పెడతారు. ఇది ఏటిగాలిలో ఉండేది."

"ఆయ్" అన్నాడు నాతోనూ.

గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎదుటివాడు మాట్లాడుతున్నాడని గౌరవించడం. తమరి మాట నా చెవిన పడిందని చెప్పడం. ఒప్పుకున్నానని కాదు, చేస్తానని కాదు. ఆయనకూ ఆయ్ అన్నాడు, నాకూ ఆయ్ అన్నాడు. చివరికి జీతాల పట్టీలో పేరు రాసే ఆయన మాట నెగ్గింది. మర్నాడు పొద్దున సత్తియ్య పెట్టె ముందు కూర్చుని, చింతపండు గుజ్జు పట్టించి, పీచుతో రుద్ది, పక్కనే ఉన్న ఏటిలో నీళ్ళు ముంచి కడిగాడు. ఆటుపోటు ఏరు అది, నోట పోసుకుంటే ఒట్టి ఉప్పు. ఆ పని అయ్యేసరికి ఇత్తడి బంగారంలా ఉంది.

తంతి ఆఫీసులు తనిఖీ చేసే దొరగారు కాలవ పడవలో వచ్చారు. సున్నం కొట్టిన ఇటుకల మధ్య నడిచారు. చొక్కా బిగిసి ఊపిరాడని సత్తియ్య సలాము అందుకున్నారు. ఆకుపచ్చ పెట్టె మూత తెరవగానే ఎండ ఆ ఇత్తడి మీద పడి ఆయన కళ్ళు మూసుకున్నారు. "బ్యూటిఫుల్" అన్నారు. మూత వేసేశారు. పెట్టె అడుగున వేలు పెట్టి చూడలేదు. పెడితే కొత్త రంగూ పాత తుప్పూ కలిసి ఊడి చేతికి వచ్చేది.

చంద్రరావు గారు నావైపు చూసి కళ్ళెగరేశారు. ఇదయ్యా ఉద్యోగం చేయడమంటే, అని.

వానాకాలం ముదిరింది. ఒకరోజు కబుర్లు సగం సగం రావడం మొదలైంది. తరవాత అదీ లేదు. యంత్రం మూగపోయింది.

నేను పరుగున వెళ్ళి పెట్టె తెరిచాను. ఇత్తడి మీద నాచు పెరిగినట్టుంది. పలకల సందులో చిక్కుకున్న చింతపండు పీచు ఉప్పుతో కలిసి ఎండి, మళ్ళీ గాలిలో తడి పీల్చి, పచ్చగా పొంగి, ఆ పలక నుంచి ఈ పలకకు వంతెన కట్టేసింది. కాకినాడ నుంచి వచ్చే ప్రతి అక్షరమూ ఆ వంతెన ఎక్కి తిన్నగా మట్టిలోకి పోతోంది.

"ఒక్క పూట చాలండి, విప్పి బాగుచేస్తాను" అన్నాను.

చంద్రరావు గారు పెట్టె చూశారు. ఆయన మొహంలో నాకు భయం కనిపించింది. ఆ భయం పడవల గురించి కాదు. జేబులోంచి కొత్త తాళం తీసి పెట్టెకు వేశారు.

"దొరగారి దగ్గరికి మనిషిని పంపుతున్నాను. ఆయన వచ్చి చూసేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది ఎవరి నిర్వాకమో ఆయన కళ్ళతో చూడాలి."

"అంతవరకూ తంతి లేకుండానా? ఇది గాలివానల కాలమండీ!"

"బీయే, నీ పని నువ్వు చూసుకో."

తంతి లేని ఆఫీసులో నా పని ఏమిటి? మూగ యంత్రం ముందు కూర్చుని ఈగలు తోలుకోవడమా?

ఆ కబురు పల్లెకు వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. సత్తియ్య భార్య పెద్దింట్లమ్మ నెత్తి మీద చేపల గంప దించకుండానే ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. వెనక ఇంకొందరు ఆడవాళ్ళు.

"ఏవండీ హెడ్డుగోరూ! బుట్టెక్కుద్దా, ఎక్కదా? ఒక్క ముక్క సెప్పండి. మావోళ్ళు మొగ దాటేరు."

"తంతి చెడిందమ్మా. దొరగారు వచ్చి చూడాలి."

"దొరగోరు సూత్తే బాగయిపోద్దేంటండీ? ఆయన కళ్ళల్లో మందేవన్నా ఉందా?"

"ఆఫీసు పద్ధతులు నీకు తెలియవు."

"తెల్దండి. నాకు తెలిసిందేంటంటే, మీ ఇంట్లో అన్నం మాడతంటే మీరు కుండ దించుతారు. మీ మావగోరొచ్చి వాసన సూసేదాకా అట్టే మాడనివ్వరు."

వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. చంద్రరావు గారి చెవులు ఎర్రబడ్డాయి.

"సత్తియ్యా! నీ పెళ్ళాన్ని తీసుకుపో. ఆడదానికి ఆఫీసులో ఏం పని?"

"ఆఫీసు తమరిదేనండి, ఉంచుకోండి" అంది పెద్దింట్లమ్మ. "సముద్రం మీదున్నోడు నా కొడుకు."

సత్తియ్య ఆమె భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. అతని గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "నేనే తోమేనే. నా సేత్తో నేనే తోమేను."

"తోమమన్న నోరెవడిదో దాన్ని తోమాలి ముందు" అని ఆమె గంపలోంచి ఒక చేప తీసి ఆఫీసు గుమ్మం మీద కొట్టి వెళ్ళిపోయింది. సున్నం వేసిన గుమ్మానికి ఆ మరక అలాగే ఉండిపోయింది. నేను తుడవనివ్వలేదు.

దొరగారు వచ్చేదాకా మేము ఆకాశం చూస్తూ గడిపాం. సత్తియ్య మాత్రం కొయ్య కింద కూర్చుని సముద్రం వైపు చూస్తూనే ఉండేవాడు. మబ్బు కమ్మితే లేచి నిలబడేవాడు. ఆ రోజుల్లో తుపాను రాలేదు. అది చంద్రరావు గారి గొప్ప కాదు.

విచారణ ఏటిగట్టు మీదే జరిగింది. దొరగారికి కుర్చీ వేశారు. మూత తెరిచి చూసి ఆయన మొహం చిట్లించారు. మొన్న మెచ్చుకున్నది ఈ పెట్టెనే కదా అని అడిగినవాడు లేడు. దొరగారికి తెలుగు రాదు. సత్తియ్యకు ఇంగ్లీషు రాదు. మధ్యలో భాష మార్చి చెప్పే పని ఎవరికి ఇచ్చారనుకున్నారు? చంద్రరావు గారికే. తప్పు ఎవరిదని తేల్చవలసి ఉందో ఆ మనిషి నాలుక మీదుగానే సాక్ష్యం నడిచింది. నాకు అక్కడే ఒళ్ళు మండిపోయింది. అయినా పిలవందే మాట్లాడకూడదని నిలబడ్డాను.

"ఈ పెట్టె తోమింది నువ్వేనా?" అన్నారు చంద్రరావు గారు.

"ఆయ్, నేనేనండి."

"చింతపండు రాశావా?"

"ఆయ్."

చంద్రరావు గారు గొంతు కొంచెం తగ్గించారు. "ఎవరూ చెప్పకుండా, నీ ఇష్టం వచ్చినట్టు, నీ అంతట నువ్వే రాశావు. అంతేగా?"

"ఆయ్..." అన్నాడు సత్తియ్య, మాట వింటున్నవాడు అన్నట్టుగా, "అది కాదండి బాబుగోరూ, తవరే కదండీ గరగ..."

రెండో ముక్క ఇంగ్లీషులోకి వెళ్ళలేదు. "మూడు ప్రశ్నలకూ ఒప్పుకున్నాడు, సార్" అన్నారు చంద్రరావు గారు ఇంగ్లీషులో. గుమాస్తా రాసేశాడు. సత్తియ్య బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద అద్దించారు. ఎక్కడ వేయమంటే అక్కడ వేశాడు. అప్పుడూ ఆయ్ అన్నాడు.

ఇక నేను ఆగలేదు. "సార్, అది ఒప్పుకోలు కాదు" అన్నాను ఇంగ్లీషులో. చదువుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారి నోట్లోకి వచ్చి కిక్కిరిసింది. ఆయ్ అంటే ఏమిటో చెప్పాను. ఇక్కడి మనిషిని ఎదుట నిలబెట్టి తిట్టినా ఆయ్ అంటాడని చెప్పాను. తోమమని చెప్పింది ఎవరో, వద్దని చెప్పింది ఎవరో చెప్పాను.

దొరగారు కనుబొమలెత్తారు. "నిరూపించగలవా?"

నేను సత్తియ్య వైపు తిరిగాను. "సత్తియ్యా, నువ్వు పోయి మూడేళ్ళయింది కదూ?"

"ఆయ్" అని తలూపి, ఆ తరవాత ఆలోచించుకుని, "ఎవరండీ పోయింది?" అన్నాడు.

గట్టు కింద నిలబడ్డ ఆడవాళ్ళు ఘొల్లుమని నవ్వారు. దొరగారి పడవ సరంగు కూడా నవ్వాడు. నేను ఇంగ్లీషులో చెబితే దొరగారి పెదవి కూడా కొంచెం వంగింది. ఆ క్షణంలో న్యాయం జరిగిపోయిందనే అనుకున్నాను. అంత వెర్రివాణ్ణి నేను.

దొరగారు లేచి చేతి తొడుగులు వేసుకున్నారు. "చాలా తమాషాగా ఉంది" అన్నారు. "కాని ఏ మాటకు అవునంటున్నాడో తనకే తెలియని మనిషి చేతికి సర్కారు తీగ అప్పగించలేం. ఇతన్ని తీసేయండి. నువ్వు కూడా పైవాడి మీద బహిరంగంగా నేరం మోపావు. నీ సంగతి తరవాత చూస్తాను." చంద్రరావు గారికి ఇకముందు పని దగ్గరుండి చూసుకోమని మాత్రం చెప్పారు. బాగుచేయడానికి రాజమండ్రి నుంచి మేస్త్రీ వస్తాడన్నారు.

"ఎప్పుడండీ?"

"పడవ దొరికినప్పుడు" అని ఆయన పడవ ఎక్కారు. ఆయనకు పడవ దొరికే ఉంది.

తోమమన్నవాడు కుర్చీలో ఉన్నాడు, తోమినవాడి కొలువు పోయింది. ఏమిటండీ ఈ లెక్క? ఒక మనిషి మర్యాదను పట్టుకుని అతని మెడకే చుట్టారు.

సత్తియ్య నడుము పటకా విప్పి, ఇత్తడి బిళ్ళ తీసి, బల్ల మీద పెట్టాడు. చొక్కా కూడా విప్పి మడిచి పక్కన పెట్టాడు. తరవాత నా దగ్గరికి వచ్చాడు.

"పంతులుగోరూ, మేస్త్రీ ఎప్పుడొత్తాడండి?"

"తెలియదు."

"తవరు సేయగలరన్నారు గదండీ. ఒక్క పూటలో."

నేను చంద్రరావు గారి ముందుకు వెళ్ళి చెయ్యి చాపాను. "తాళంచెవి ఇవ్వండి."

"నీ మీద ఇప్పటికే ఒక రిపోర్టు ఉంది, బీయే. ఇంకొకటి రాయమంటావా?"

"రాయండి. ముందు తాళంచెవి ఇవ్వండి. దొరగారు చూడాలన్నారు, చూశారు. ఇంకా ఎవరి కోసం దాస్తున్నారు దాన్ని?"

ఆయన నా వెనక్కి చూశారు. గుమ్మం నిండా ఆడవాళ్ళు గంపలతో నిలబడి ఉన్నారు. ముందు పెద్దింట్లమ్మ ఉంది. ఈసారి ఆమె గంప దించి గుమ్మానికి అడ్డంగా పెట్టింది. ఆయన తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీదికి విసిరారు. నేను తీసుకున్నాను.

పడవలు కట్టే వడ్రంగి దగ్గర సత్తియ్య ఆకురాయి, చిన్న ఉలి అడిగి తెచ్చాడు. పలకలు విప్పబోతే మరలు కదలలేదు. కొబ్బరినూనె పోసి, కాసేపు ఆగి, మళ్ళీ పట్టాం. ఒక మర తల విరిగిపోయి నా అరచెయ్యి చీరుకుంది. తిట్టాను. ఎవరిని తిట్టానో నాకు తెలుసు.

"తవరు కూడా తిడతారేంటండీ!" అన్నాడు సత్తియ్య ఆశ్చర్యంగా.

"నీకు కోపం రాలేదా?"

అతను ఇత్తడి పలక మీద చిలుము గీకాడు. "వచ్చిందండి. ఎవరి మీద ఎట్టుకోవాలో తెల్లేదండి. అందరూ పెద్దోళ్ళే."

ఏటి నీళ్ళు ముట్టుకోవద్దన్నాను. పెద్దింట్లమ్మ తాగే మంచినీళ్ళ బిందె తెచ్చింది. పులుపూ ఉప్పూ పూర్తిగా పోయేదాకా దానితో కడిగాం. కుంపటి రాజేసి పలకలు ఆరబెట్టాం. సందులో ఇరుక్కున్న పీచు ముక్కలు ఆమె తలలో సవరం సూదితో ఒక్కొక్కటే లాగింది. లాగిన ప్రతి ముక్కకూ "ఇది హెడ్డుగోరి మీసం" అంది. సత్తియ్యకు నవ్వాగలేదు. ఏటి తీగ కొస చిలుము పట్టిన మేరకు కోసేసి, కొత్తగా రాగి తేల్చి బిగించాను. ఆఫీసు కొవ్వొత్తి కరిగించి తీగ చేరే చోటల్లా మైనం పట్టించాను. పెట్టె అడుగు పూర్తిగా పోయింది. పడవకు పూసే తారు, పాత తెరచాప గుడ్డ కలిపి సత్తియ్య అడుగు కట్టాడు. అందంగా లేదు. ఆకుపచ్చ రంగు మీద నల్లటి అతుకు. చంద్రరావు గారు దూరం నుంచి చూసి మొహం తిప్పుకున్నారు.

ఆఫీసులోకి వెళ్ళి మీట నొక్కాను. అవతల నుంచి జవాబు టకటకమని వచ్చింది. కిటికీ బయట సత్తియ్య చెవి గోడకు ఆనించి వింటున్నాడు.

"ఏంటంటంది?"

"ఎక్కడికి పోయారు ఇన్నాళ్ళూ అని అడుగుతోంది."

అతను నవ్వలేదు. కొయ్య దగ్గరికి వెళ్ళి తాడు ఒకసారి లాగి చూశాడు. ఇక అది అతని పని కాదన్నది అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ముడి మళ్ళీ జాగ్రత్తగా వేసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి కొడుకు పడవలో వేటకు పోసాగాడు.

మేస్త్రీ ఇంకా రానేలేదు. కాకినాడ నుంచి తుపాను కబురు వచ్చేసింది. అప్పటికి మా మీద ఎండ కాస్తోంది, గాలి కూడా లేదు. సముద్రం మీద ఉన్నవాడికి అనుమానం వచ్చే కారణమే లేదు. కొత్త బంట్రోతుకు తాడు చేతకాలేదు. నేనూ పట్టుకుని లాగాను. నల్లబుట్ట కొయ్య కొసకు చేరింది. మొగకు అవతల చుక్కల్లా ఉన్న తెరచాపల్లో ఒకటి ముందు తిరిగింది. దాన్ని చూసి మిగతావి తిరిగాయి. ముందు తిరిగింది రాముడి పడవ. అందులో కొయ్య వైపే చూస్తూ కూర్చున్న మనిషి ఎవరో నేను చెప్పనక్కరలేదు.

పడవలన్నీ ఒడ్డుకు లాగిన తరవాత గాలి వచ్చింది. తాటిచెట్లు విరిగాయి, ఆఫీసు కప్పు మీది కొత్త తాటాకు మొత్తం ఎగిరిపోయింది. పల్లెలో మనిషి పోలేదు.

తంతి సకాలంలో అందుకున్నందుకు చంద్రరావు గారికి మెప్పు వచ్చింది. ఆయన దాన్ని పుచ్చుకున్నారు కూడా. నాకు కొండల్లోకి బదిలీ వచ్చింది. సత్తియ్యను మళ్ళీ తీసుకోమని నేను రాసిన అర్జీలకు జవాబు రాలేదు. సర్కారు వారి దగ్గర అతని పేరు పక్కన ఉన్నది ఒక్కటే మాట: అజాగ్రత్త వల్ల సర్కారు సొత్తు పాడుచేసినవాడు.

చదివేవారిని నేను ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంటికి తంతి వస్తుంది. మంచి కబురో చెడు కబురో, ఏ ఏటి అడుగు నుంచో వచ్చి మీ చేతిలో పడుతుంది. అప్పుడు పాటిదిబ్బ సత్తియ్యను తలుచుకోండి. కొలువు పోయిన రోజున, చొక్కా విప్పి, ఆ పెట్టెను బాగుచేసి వెళ్ళిన మనిషి అతను. సర్కారు రాసుకోలేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి.